తలూపుడు

భూషణ్ సార్ ఏదో అడిగాడు. శారోన్ తలూపింది.

అంజూర్ ఫాటా దగ్గర, గోదాముల వెనకాల ఉన్న మట్టి మైదానంలో గురువారం సాయంత్రం ప్రాక్టీసు అప్పుడే ముగిసింది. గోడ అవతల ఒక కంటైనర్ లారీ వెనక్కి వస్తూ రొద చేస్తోంది. సార్ వంగి, నేలకు మేకులతో దిగ్గొట్టిన గుర్తు టేపులు పీకుతూ, ముఖం కిందికి పెట్టుకునే మాట్లాడాడు. మొదట్లో తన పేరు శారోన్‌కు అందింది. చివర "ఠీకేనా?" అన్నది అందింది. మధ్యలోది అందలేదు. శనివారం పొద్దున్నే బస్సు దగ్గరికి రమ్మంటున్నాడేమో, కాకపోతే బ్యాటన్ల సంచి ఇంటికి తీసుకుపొమ్మంటున్నాడేమో అనుకుంది. ఏదైనా ఠీకే. అందుకే తలూపింది.

వెంటనే అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. జట్టులో అదనపు మనిషిగా ఉన్న పూనం, పద్దెనిమిదేళ్లది, పరుగున వచ్చి ఆమె కాళ్లు పట్టుకుంది.

"అక్కా, ఎవ్వలియ్యరక్కా గిట్ల. నీ అసొంటోళ్లు ఉండరు."

"ఏయ్, లే. ఏందే గిది," అని శారోన్ నవ్వింది. అందరూ నవ్వుతున్నప్పుడు నవ్వడం ఆమెకు ఎప్పటినుంచో అలవాటు.

సాక్షి ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. నాలుగు వందల మీటర్ల రిలేలో రెండో వంద సాక్షిది, మూడో వంద శారోన్‌ది. రెండేళ్లుగా శారోన్ చేతిలో బ్యాటన్ పెడుతున్నది ఆమే. శారోన్ వంక ఒకసారి చూసి, బూట్లు సంచిలో పడేసుకుని, మాట్లాడకుండా గేటు దాటిపోయింది.

ఇల్లున్న నార్పోలికి వచ్చే షేర్ ఆటోలో, ఇద్దరు లావుపాటి మనుషుల మధ్య ఇరుక్కుని కూర్చున్నప్పుడు, శారోన్ ఫోన్ తెరిచింది. జట్టు గ్రూపులో సార్ మెసేజ్ ఉంది. శనివారం హీట్స్‌లో, అంటే ఫైనల్‌కు ముందు పరుగులో, మూడో లెగ్ శారోన్. ఆదివారం ఫైనల్లో మూడో లెగ్ పూనం. తన చోటు చిన్నదానికి సంతోషంగా ఇచ్చిన శారోన్‌కు జట్టు తరఫున షాబాష్. దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు.

ఆమె మళ్లీ చదివింది. మూడోసారి చదివేసరికి దిగవలసిన చోటు దాటిపోయింది.

రాష్ట్ర పోటీల ఫైనల్లో పరుగెత్తిన నలుగురికే పతకం, సర్టిఫికెట్. రెండేళ్లు వరసగా రాష్ట్ర ఛాంపియన్ అయిన జట్టు తమది. ఈ ఏడాది సర్టిఫికెట్ కూడా చేతిలో ఉంటేనే స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి కాగితాలు పెట్టుకోవచ్చు. వచ్చే ఏడు పెట్టుకుందామంటే వయసు దాటిపోతుంది. అదంతా తెలిసిన భూషణ్ సార్ అడిగాడు, తను తలూపింది. సంతోషంగా.

*

శుక్రవారం పదకొండున్నరకు టిఫిన్ డబ్బా తీసుకుని షెడ్డుకు వెళ్లింది. రేకుల కప్పు కింద ఇరవై నాలుగు సాంచాలు, కరెంటు మగ్గాలు, నడుస్తున్నాయి. గడపలో అడుగు పెట్టగానే ఆ చప్పుడు చెవులకన్నా ముందు పళ్లకు తగులుతుంది. తెలుగు ఊరి నుంచి వలస వచ్చిన తండ్రి దానియేలు ఆరు సాంచాలు చూస్తాడు. ఆయన తింటున్నంతసేపు ఆ ఆరింటి మధ్య శారోన్ తిరుగుతుంది. పన్నెండేళ్ల వయసు నుంచి ఆమెకు ఇదే పని. నాడెలో నూలు కండె అయిపోవస్తుంటే చూసి, చెక్క పిడి లాగి సాంచా ఆపి, ఖాళీ కండె తీసి నిండుది వేసి, మళ్లీ పిడి నెడుతుంది. పడుగులో పోగు తెగితే బొటనవేలితో ముడి పడేసి, మిగిలిన కొస పంటితో కొరికేస్తుంది. ఆరూ ఒకేసారి ఆగవు. ఒకదాని దగ్గర వంగినప్పుడు వెనకదాని మీద కన్ను ఉండాలి.

షెడ్డులో ఎవరూ ఒక మాట రెండుసార్లు అడగరు. పక్కవాడు ఏదో అంటాడు, అందినంత అందుతుంది, అందకపోతే తలూపి పనిలో పడతారు. రెండోసారి అడిగేలోపల ఎక్కడో పోగు తెగుతుంది. అక్కడి మాటల్లో చాలావరకు తలూపితే సరిపోయేవే. టీ తాగుతావా, సేటు వచ్చాడా, కరెంటు పోయేలా ఉందా. ఇళ్లకు వచ్చాక కూడా వాళ్లు అట్లాగే తలూపుతారు. పెళ్లాలు తిడతారు, పిల్లలు నవ్వుతారు, ఆ పిల్లలే పెద్దయ్యాక తలూపుతారు.

దానియేలు అరుగు మీద కూర్చుని రొట్టె తుంచుతున్నాడు. శారోన్ ఆయన ముందు గొంతుక్కూర్చుని, పెదాలు కనబడేలా చెప్పింది. చోటు పోయిందని, తను ఇవ్వలేదని, సార్ అడిగింది వినబడలేదని.

ఆయన నమలడం ఆపాడు. తన చెవి మీద వేలితో తట్టుకుని, ఏదో జోకు విన్నట్టు పళ్లన్నీ బయటపెట్టాడు.

"నాకు ఇరవై ఏండ్ల సంది ఇనవడుత లేదు. ఎవలకన్న చెప్పిన్నా?"

"నాయినా, నవ్వకు. ఎల్లుండే ఫైనల్."

"చెప్పకు బిడ్డా." నవ్వు పోయింది. ఎడమ చేతి వేళ్లు మడిచి ఒక్కొక్కటే తెరుస్తూ చెప్పాడు, ఆ చేత్తోనే ఆయన షెడ్డులో అందరితోనూ మాట్లాడతాడు. "చెవు అనంగనే పక్కకు వెడతరు. ఉద్యోగం కాడ అసలే వెడతరు. కాలు మంచిగున్నది, నేనే ఉరుకుత అను. ఎందుకు అంటె, గంతే అను. చెవు ముచ్చట నోట్లె నుంచి రానియ్యకు."

ఆమె వెనక నాలుగో సాంచా ఆగింది. చప్పుడులో చిన్న ఖాళీ పడింది. చూడకుండానే శారోన్ లేచి అటు తిరిగింది.

సాయంత్రం టెంఘర్‌లో, భూషణ్ సార్ పనిచేసే బడి దగ్గరికి వెళ్లింది. సార్ కూడా సాంచాల ఇంట పుట్టినవాడే. వ్యాయామం మాస్టరుగా పదిహేనేళ్లు చేసి, ఆ బడి పిల్లల్లోంచే ఈ జట్టును తయారు చేశాడు. స్టోరు గదిలో రేపటికి సంచులు సర్దుతున్నాడు. ఈసారి శారోన్ ఆయన ముఖానికి ఎదురుగా, వెలుతురు ఆయన మీద పడేచోట నిలబడింది.

"సార్, ఫైనల్ నేను ఉరుకుత."

ఆయన చేతిలో ఉన్న స్పైక్స్ బూట్లు కింద పెట్టాడు. "నిన్న నలుగుట్ల ఒప్పుకుంటివి. ఇయాల బదల్తున్నవా?"

"ఉరుకుత సార్."

"నీకు రెండు గోల్డులున్నయి. ఆ పిల్లకు ఒక్కటి లేదు. అందుకే అడిగిన. జబర్దస్తీ చేసిన్నా? అడిగిన్నా లేదా?"

"అడిగిన్రు."

"నువ్వేమన్నవు?"

"తలూపిన."

"మరి?" సార్ ఎదురు చూశాడు. నిజంగానే ఎదురు చూశాడు. చెప్పవలసింది ఒక్క ముక్క. తండ్రి వేళ్లు కళ్ల ముందు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

"ఏం లేదు సార్."

"పూనం వాళ్లవ్వ గల్లీ మొత్తం పేడాలు పంచింది, శారోన్. గిప్పుడు ఆ పిల్లకు ఏమని చెప్పాలె? మనసు గట్టిగ చేసుకో. ఇచ్చినంక ఇచ్చినట్టే ఉండాలె."

ఆమె తలూపింది. ఈసారి ప్రతి మాటా వినబడింది.

*

శనివారం పుణె స్టేడియంలో హీట్స్. నీలం రంగు ట్రాక్, కొత్తది, ఎండకు రబ్బరు వాసన వేస్తోంది. తన గుర్తు టేపు అడుగులు కొలిచి అతికించుకుని, మలుపు మొదట్లో శారోన్ వంగి నిలబడింది. తుపాకీ పేలిన పొగ ముందు కనబడింది, చప్పుడు తర్వాత పలచగా వచ్చింది. మొదటి అమ్మాయి సాక్షికి అందించింది. సాక్షి నిటారుగా, మెడ నరాలు తేలి, పెద్దదవుతూ వస్తోంది. ఆమె కాలు టేపు దాటింది. శారోన్ ముందుకు తిరిగి దూకింది.

ఇక వెనకకు చూడకూడదు. వెనకనుంచి వచ్చే మనిషి కేకేస్తుంది, ముందున్న మనిషి ఆ కేకకు చెయ్యి వెనక్కి చాపుతుంది. అన్ని జట్లూ అట్లాగే చేస్తాయి. శారోన్ మాత్రం అడుగులు లెక్క పెట్టుకుంటుంది. పదకొండో అడుగుకు కుడిచెయ్యి వెనక్కి పోయింది. అరచేతిలో బ్యాటన్ పడింది. వేళ్లు మూసుకున్నాయి.

హీట్స్ అన్నింట్లోకీ వాళ్లదే మంచి టైము. భూషణ్ సార్ స్టాప్‌వాచ్ అందరికీ చూపించాడు. శారోన్ భుజం తట్టి, ఆ వెంటనే పూనంను పిలిచి, "చూసినవు గదా, గట్ల దూకాలె," అన్నాడు. పూనం నోట్‌బుక్‌లో రాసుకున్నట్టు గంభీరంగా చూసింది. శారోన్ ఆమెను మలుపు దగ్గరికి తీసుకెళ్లి, టేపు ఎన్ని అడుగుల దూరంలో పెట్టుకోవాలో చూపించింది.

పొద్దు వాలేవేళ, గ్యాలరీలో పై మెట్టు మీద కూర్చుని ఐసు ముక్కలు పిక్కలకు రాసుకుంటుంటే సాక్షి వచ్చి పక్కన కూలబడింది. రెండు రోజులుగా ఆమె మాట్లాడలేదు.

"పెద్ద దానకర్ణురాలివా నువ్వు?" అంది సాక్షి. "చోటు దానం చేస్తవా? నన్నడుగవా? ఆ పిల్లతోని నాకు ఒక్క వారం గూడ ప్రాక్టీసు లేదు. బ్యాటన్ కిందవడ్తె ఎవల పేరు ఖరాబైతది? నాదే."

"నేనియ్యలే."

"మరి నీ తలకాయ ఎవలు ఊపిన్రు?"

శారోన్ ఐసు సంచి పక్కన పెట్టింది. "సార్ ఏమడిగిండో ఇనవడలే. ఊకెనే తలూపిన."

సాక్షి ఒక్క క్షణం ఆమె వంక చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. కింద ఉన్న వాళ్లు తలెత్తి చూసేంతగా నవ్వింది. తర్వాత శారోన్ కళ్లలో నీళ్లు చూసి ఆపేసింది.

"సార్‌కు చెప్పు గదే మరి."

"ఏమని చెప్పాలె? చెవులు ఇనవడవు, అయిన నాకే బ్యాటన్ ఇయ్యున్రి అనాల్నా? ఇనవడదంటె చోటు పోతది. చెప్పకుంటె పోనే పోయింది." ఇన్నాళ్లూ లోపల తిప్పుకున్నది పైకి అనేసి శారోన్ ముఖం తుడుచుకుంది. "నువ్వు అరిచేది గూడ నాకు సరిగ ఇనవడదే. అడుగులు లెక్క వెట్టుకుంట."

"నాకెరుక."

"ఏమెరుక?"

సాక్షి ఐసు ముక్క ఒకటి నోట్లో వేసుకుని, దాన్ని బుగ్గకు తోసి, శారోన్ ముఖానికి ఎదురుగా జరిగి కూర్చుంది. "పోయినేడు ఒకదినం నాకు గొంతు కూసుండవోయింది. అరవలే. అయిన నీ చెయ్యి టైముకు అచ్చింది. తెల్లారి కావాలని అరవలే. మల్ల అచ్చింది. అప్పటిసంది నీకు నేను అరుస్తనే లేను. నీ చెయ్యి చూసుకుంట వస్తున్న, పెడుతున్న."

శారోన్ ఆ పెదాలను చూస్తూ ఉండిపోయింది. తను దాచుకుంటున్నదాన్ని ఏడాదిగా ఇంకొకరు కూడా దాస్తున్నారు.

"నేను చెప్ప," అంది సాక్షి లేస్తూ. "చెవు నీది. నువ్వే చెప్పుకోవాలె. ఫైనల్ పేర్ల ఫారం సార్ రేపు మూడు గంటలకు ఇస్తడంట."

*

ఆదివారం రెండుంబావు. వార్మప్ ట్రాక్ పక్కన, చాప మీద జట్టంతా కాళ్లు చాపుకుని ఉన్నారు. భూషణ్ సార్ అట్ట మీద ఫారం పెట్టుకుని పేర్లు రాస్తున్నాడు. రెండు గడుల్లో రాయడం అయింది. మూడో గడి మీద పెన్ను ఉండగా శారోన్ లేచి ఆయన ముందు నిలబడింది.

"సార్. గురువారం మీరు అడిగింది నాకు ఇనవడలే."

ఆయన తలెత్తాడు. అమ్మాయిలు కాళ్లు మడుచుకున్నారు.

"చెవులు మంచిగ లేవు సార్. ఎడమది చాల తక్కువ. మీరు ఏమడిగిన్రో తెల్వకనే తలూపిన. మెసేజ్ చూసినంక తెలిసింది. శుక్రవారం చెప్పుదామని అచ్చి చెప్పలే. భయమైంది."

పూనం ముఖం నెమ్మదిగా మారుతోంది.

భూషణ్ సార్ పెన్నుకు మూత పెట్టాడు. "మా బాపు గూడ గిట్లనే," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "సాంచా కాడికి ఎవలో అచ్చి ఏందో అడిగిన్రంట. తలూపిండు. పది దినాలకు ఆళ్లు ముహూర్తం వెట్టుకొని ఇంటికి అచ్చిన్రు. మా పెద్దక్క లగ్గం ఖాయమైందని మాకు గప్పుడు తెలిసింది. బావ మంచోడు గాబట్టి నడిచింది."

ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. సార్ నవ్వలేదు.

"నవ్వుడు కాదు. ఇనవడని మనిషిని మలుపు కాడ నిలవెడ్తె, సాక్షి ఒర్లుడు ఎవలకు? బ్యాటన్ పడిపోతె నలుగురిది పోతది. ఇంకా ఏం దాచిన్రు నా కాడ?"

"నేను ఏడాది సంది అరుస్తలేను సార్," అంది సాక్షి.

"ఏంది?"

"పోయినేడు గోల్డు గూడ అరవకుంటనే అచ్చింది."

"మరి ప్రాక్టీసుల రోజు నేనిన్నదేంది?"

"అది మీకోసం. చేతుల వెట్టినంక అరుస్త. అరవకుంటె మీరు తిడతరని."

సార్ ఆమెనూ శారోన్‌నూ మార్చి మార్చి చూశాడు. వాచీ చూసుకున్నాడు. తర్వాత అట్ట చంకలో పెట్టుకుని లేచి, "నడువున్రి," అన్నాడు. "మూడుసార్లు. నోరు మెదిపితె చూడు సాక్షీ."

వార్మప్ ట్రాక్ మలుపులో ఆయన వాళ్ల పక్కనే, చెయ్యి చాచితే తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. మొదటిసారి పదకొండో అడుగుకు చెయ్యి, చేతిలో బ్యాటన్. రెండోసారీ అంతే. మూడోసారి సాక్షిని పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. ఈసారి ఆమె రెండడుగులు ఆలస్యంగా వచ్చింది. శారోన్ చెయ్యి గాలిలో ఖాళీగా ఆగింది, కదల్లేదు, బ్యాటన్ వేళ్ల కొసలకు అందింది. సార్ అక్కడే ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో మోకాలి మీద అట్ట పెట్టుకుని, మూడో గడిలో శారోన్ పేరు రాశాడు.

రాసి లేచాక శారోన్‌కు తన పెదాలు కనబడేలా తిరిగాడు. "రేపు చెవుల డాక్టర్ కాడికి పోవాలె. ఉద్యోగం కాగితంల గీ సంగతి అడుగుతరు. ఉన్నదున్నట్టు రాయాలె. ఆడ ఏమైతదో నాకు తెల్వది."

"రాస్త సార్."

పూనం గడ్డిలో కూర్చుని స్పైక్స్ తాళ్లు విప్పుతోంది. ముడి రాక లాగుతోంది. శారోన్ దగ్గరికి వెళ్లి వంగబోతే కాలు వెనక్కి తీసుకుంది.

"అక్కా, గురువారం నాడే ఇనవడలే అంటె అయిపోవు గదా. ఒక్క మాట. మా అవ్వ బస్సెక్కింది, నన్ను చూస్తనని."

"తప్పు నాదే, పూనం."

"ఔ. నీదే," అంది పూనం. కళ్లు తుడుచుకోలేదు. ఒక బూటు విప్పి, రెండోది కాలికే ఉంచుకుని కూర్చుండిపోయింది.

నాలుగు గంటలకు ఫైనల్. ఎనిమిది జట్లు. మలుపు దగ్గర ఎనిమిది మంది వెనక్కి తిరిగి చూస్తూ వంగి ఉన్నారు, శారోన్ అయిదో లేనులో. గ్యాలరీలో జనం లేచి నిలబడ్డారు. వాళ్ల అరుపు ఆమెకు దూరంగా షెడ్డు నడుస్తున్నట్టు ఒకే రొదగా ఉంది. పొగ లేచింది. మొదటి మార్పిడి బాగానే జరిగింది. సాక్షి ముందుగా వస్తోంది, అందరికన్నా ముందు. ఆమె కాలు టేపు మీద పడింది.

శారోన్ తిరిగి దూకింది.

తొమ్మిది. పది. పదకొండు. చెయ్యి వెనక్కి పోయింది. అరచేతిలో ఏమీ లేదు.

పన్నెండు. పక్క లేనులో బ్యాటన్ మారిపోయింది, నీలం బనీను ఆమెను దాటుతోంది. పదమూడు. ఏమీ లేదు. ముందు పసుపు గీత కనబడుతోంది, దాని అవతల బ్యాటన్ అందితే జట్టు మొత్తం లెక్కలోంచి పోతుంది. వెనక సాక్షి పడిపోయిందా, పక్కకు పోయిందా, ఏమని అరుస్తోందో. చూస్తే భుజం తిరుగుతుంది, చెయ్యి తప్పుతుంది. ఒళ్లంతా ముందుకు లాగుతోంది. పద్నాలుగు. నీలం బనీను వీపు కనబడింది. శారోన్ మడమలు నేలకు ఆనించింది. ఒక్క అడుగు, సగం అడుగు, వేగం చంపుకుంది. చెయ్యి మాత్రం అట్లాగే చాచి ఉంచింది.

బ్యాటన్ వేళ్ల కొసలకు తగిలింది. గుంజుకుంది. పసుపు గీత కాలి కింద నుంచి పోయింది.

ఆ తర్వాత మలుపు ఒక్కటే ఉంది. ముందు నీలం బనీను ఉంది, దాని వెనక తను ఉంది. చివరి అమ్మాయి వీపు కనబడగానే గొంతు చించుకుని అరిచింది, సాంచాల మధ్య అరిచినట్టు. చివరి అమ్మాయి చెయ్యి చాచింది, బ్యాటన్ తీసుకుని వెళ్లిపోయింది.

రెండో స్థానం. తేడా సెకనులో వందో వంతుల్లో ఉంది. తెర మీద పేర్లు వచ్చాయి. నలుగురి పేర్లలో మూడోది తనది. మూడో ఏడు గోల్డు పోయింది, సర్టిఫికెట్ మిగిలింది. భూషణ్ సార్ కంచె అవతల నిలబడి రెండు చేతులూ తల మీద పెట్టుకుని ఉన్నాడు. ఆయన పక్కన పూనం ఉంది, ఒంటి కాలికి బూటుతో. ఆమె చప్పట్లు కొట్టలేదు. ముఖం తిప్పుకోనూ లేదు.

సాక్షి కుంటుతూ, తొడ వెనక పట్టుకుని, ట్రాక్ దాటి వచ్చింది. వచ్చి శారోన్ రెండు భుజాలూ పట్టుకుంది.

"పట్టేసిందే. సగంల పట్టేసింది. ఆగు ఆగు అని ఒర్లిన. ఏడాది తర్వాత నీకు ఒర్లిన. ఇనవడ్డదా?"

శారోన్ రొప్పుతూ ఆమె పెదాలను చూసింది. "లే."

"మరి ఎట్ల ఆగినవే?"

"నువ్వింక రాలేదు గదా," అంది శారోన్.